ఇంజిన్ పీల్చే గాలికి లెక్క చెప్పే సెన్సర్: ఎలా పనిచేస్తుంది, ఎప్పుడు మార్చాలి?

ఒక లీటరు పెట్రోలు సక్రమంగా మండాలంటే దాదాపు 11 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పుకుంటే తొమ్మిది వేలు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న గదిలో నడుము ఎత్తు దాకా నిండే గాలి అది. బంకులో మనం డబ్బు కట్టేది పెట్రోలుకే, మైలేజీ లెక్క వేసుకునేదీ పెట్రోలుతోనే. ఇంజిన్ మాత్రం లెక్కను గాలితో మొదలుపెడుతుంది. లోపలికి ఎంత గాలి వచ్చిందో తెలిస్తేనే ఎంత పెట్రోలు చిమ్మాలో తేలుతుంది. ఆ మొదటి అంకెను అందించేది మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్. మెకానిక్‌లు దీన్నే పొట్టిగా మాఫ్ అంటారు.

బానెట్ ఎత్తగానే ఒక పక్క నల్లటి ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ ఉండేది అందులోనే. ఆ పెట్టె నుంచి ఇంజిన్ వైపు మడతలు మడతలుగా ఒక రబ్బరు గొట్టం వెళుతుంది. పెట్టెకూ గొట్టానికీ మధ్య రెండు స్క్రూలతో బిగించిన అగ్గిపెట్టెంత ముక్క, దానికి తగిలించిన వైర్ల కప్లర్. బయటికి కనిపించేది ఇంతే.

దీని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మా 1.5 లీటర్ల పెట్రోలు కారు సిగ్నల్ దగ్గర క్లచ్ వదిలి కదిలేటప్పుడు గుంజడం మొదలుపెట్టింది. కొద్ది రోజులకు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకువెళితే స్కానర్ పెట్టి, పి0171 అనే కోడ్ చూపించి, ఎయిర్ ఫ్లో సెన్సర్ పోయిందని తేల్చారు. వేల రూపాయలు పోసి కొత్తది వేయించాను. నాలుగో రోజుకు లైటు మళ్లీ వెలిగింది. చివరికి మా వీధి చివర షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన టార్చిలైటు నా చేతికిచ్చి పట్టుకోమని, ఆ రబ్బరు గొట్టాన్ని రెండు చేతులతో పట్టి మెల్లగా వంచాడు. అడుగు వైపు, పైకి కనిపించని మడతలో, రెండు అంగుళాల చీలిక నోరు తెరిచింది. బండి కదిలినప్పుడు ఇంజిన్ ఊగుతుంది, ఊగినప్పుడల్లా ఆ చీలిక తెరుచుకుంటుంది, సెన్సర్‌ను దాటేసిన గాలి దొడ్డిదారిన లోపలికి పోతుంది. పాత సెన్సర్‌లో ఏ లోపమూ లేదు. పి0171 అంటే గాలికి తగినంత ఇంధనం అందడం లేదని మాత్రమే అర్థం. ఎందుకు అందడం లేదో ఆ కోడ్ చెప్పదు. ఆ కారణాన్ని వెతికే పని మానేసి సెన్సర్ మార్చడం ఊహతో మందు రాయడం లాంటిది. ఆ రోజు నుంచీ ఈ భాగం ఎలా పనిచేస్తుందో కూర్చుని నేర్చుకున్నాను.

గాలిని తూకం వేయడం ఎందుకు?

గాలి ఎన్ని లీటర్లు వచ్చిందో కొలిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఆదిలాబాద్‌లో చలికాలం తెల్లవారుజామున 5 డిగ్రీలు ఉన్న రోజులుంటాయి, ఎండాకాలం మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉన్న రోజులూ ఉంటాయి. సముద్రమట్టపు ఒత్తిడి దగ్గర లెక్క వేస్తే 5 డిగ్రీల్లో ఒక లీటరు గాలి బరువు 1.27 గ్రాములు, 45 డిగ్రీల్లో 1.11 గ్రాములు. అదే లీటరు, అదే ఇంజిన్, కానీ ఆక్సిజన్‌లో ఏడో వంతు తేడా. కొండ ఎక్కితే గాలి ఇంకా పలచబడుతుంది. రెండు వేల మీటర్లు దాటిన ఊటీలో మైదానం కంటే అయిదో వంతు తక్కువ. పెట్రోలు సక్రమంగా మండడానికి కావలసిన నిష్పత్తి, అంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, బరువుల మధ్య ఉన్నది, లీటర్ల మధ్య ఉన్నది కాదు. అందుకే గాలిని కొలవకూడదు, తూచాలి.

మొదట్లో కొలిచే పద్ధతే ఉండేది. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1970ల్లో తెచ్చిన ఎల్-జెట్రానిక్ పద్ధతిలో గాలి దారికి అడ్డంగా స్ప్రింగు బిగించిన ఒక రేకు తలుపు ఉండేది. గాలి ఎంత జోరుగా వస్తే తలుపు అంత తెరుచుకునేది. అది చెప్పేది పరిమాణం, బరువు కాదు. పైగా ఆ తలుపే గాలికి అడ్డు. 1980ల మొదట్లో తలుపు తీసేసి, దాని స్థానంలో వేడి చేసిన ప్లాటినం తీగ పెట్టారు. నేటి సెన్సర్లలో ఎక్కువ భాగం ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

తీగ తూకం వేసే తీరు పెళ్లివారి గాడిపొయ్యి దగ్గర బాగా అర్థమవుతుంది. గాలి నిలిచిన రోజు గంగాళం మరుగుతూ ఉండడానికి కొద్ది కట్టెలు చాలు. గాలి వీచే రోజు అదే మరుగు నిలబెట్టడానికి వంటవాళ్లు ఇంకా ఇంకా కట్టెలు తోస్తూనే ఉండాలి. మరుగు తగ్గకుండా చూసుకుంటూ, ఎన్ని కట్టెలు పోయాయో లెక్క పెడితే గాలి ఎంత వీచిందో చెప్పేయవచ్చు. సెన్సర్ లోపల జరిగేది ఇదే. తీగను లోపలికి వచ్చే గాలి కంటే వంద డిగ్రీలకు పైగా ఎక్కువ వేడిలో నిలిపి ఉంచుతారు. పక్కనే ఉన్న ఇంకో చిన్న ముక్క వచ్చే గాలి ఎంత వేడిగా ఉందో చూస్తూ ఉంటుంది. గాలి తగిలి తీగ చల్లబడబోతుంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ వెంటనే కరెంటు పెంచి పాత వేడికి తెస్తుంది. ఆ కరెంటే మన కట్టెలు. చిక్కటి గాలి ఎక్కువ వేడిని లాక్కుపోతుంది, పలచటి గాలి తక్కువ లాక్కుపోతుంది. కాబట్టి కరెంటు లెక్క నేరుగా బరువునే చెబుతుంది. సెకనుకు ఇన్ని గ్రాములు అని ఇంజిన్ కంప్యూటర్‌కు చేరుతుంది.

ఇప్పటి సెన్సర్లలో చాలావాటిలో విడి తీగ ఉండదు. వెంట్రుక కంటే ఎంతో పలచనైన పొర మీద నడుమ ఒక హీటరు, దానికి అటూ ఇటూ రెండు ఉష్ణమాపకాలు అచ్చు వేసి ఉంటాయి. గాలి ఆగి ఉంటే రెండు వైపులా వేడి సమానం. గాలి కదిలితే ముందు వైపు చల్లబడుతుంది, వెనుక వైపు వేడెక్కుతుంది. ఆ తేడాయే కొలత. దీనివల్ల ఇంకో మేలుంది. వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నప్పుడు కొంత గాలి వెనక్కి తన్నుకొస్తుంది. పాత తీగకు గాలి ఎటు నుంచి తగిలినా ఒకటే, రెండుసార్లు లెక్క వేసేది. కొత్త పొర గాలి ఎటు నుంచి వచ్చిందో కూడా పోల్చుకుని, వెనక్కి వచ్చిన దాన్ని తీసివేస్తుంది. ఇంత చిన్న ముక్కలో ఇంత వివేకం అమర్చినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

దుమ్ము చేసే పని

వేడి తీగ నుంచి గాలి లాక్కుపోయే వేడికి ఒక లెక్క ఉంది. 1914లో ఎల్.వి. కింగ్ అనే శాస్త్రవేత్త దాన్ని సూత్రీకరించాడు. ఆ వేడి గాలి వేగానికి దాదాపు వర్గమూలంగా పెరుగుతుంది. అంటే గాలి నాలుగింతలైతే వేడి నష్టం సుమారు రెండింతలే. దీని పర్యవసానం ఇంజిన్ ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతూ, ఉన్నప్పుడు కనబడదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు చిన్న మార్పుకే సిగ్నల్ బాగా కదులుతుంది. గాలి ఎక్కువైన కొద్దీ సిగ్నల్ కదలిక మందగిస్తుంది. అందువల్ల హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు సిగ్నల్‌లో వచ్చే కొద్దిపాటి తప్పు గాలి లెక్కలో పెద్ద తప్పుగా తేలుతుంది.

ఫిల్టర్‌ను దాటుకుని వచ్చిన సన్నటి దుమ్ము, ఇంజిన్ నుంచి వెనక్కి వచ్చే నూనె ఆవిరి కలిసి ఆ పొర మీద పల్చని జిగురులా పేరుకుంటాయి. అది కప్పిన దుప్పటి లాంటిది. గాలి తగిలినా వేడి అంతగా పోదు. గాలి తక్కువే వచ్చిందని కంప్యూటర్ అనుకుంటుంది, పెట్రోలు తగ్గిస్తుంది. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఈ లోటును పసిగట్టి ఇంకొంచెం పోయమని చెబుతుంది. కంప్యూటర్ చేసే ఈ దిద్దుబాటును ఫ్యూయెల్ ట్రిమ్ అంటారు. ఈ సర్దుబాటు ఉన్నంత కాలం బండి బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా బండ్లలో ఈ దిద్దుబాటు పక్కకు పోతుంది, కంప్యూటర్ గాలి సెన్సర్ మాటనే నమ్ముకుంటుంది. సరిగ్గా పికప్ కావలసిన చోట బండి ఢీలా పడడం, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ కటకటలాడడం అందుకే.

డీజిల్ కథ వేరు. డీజిల్ ఇంజిన్‌లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. అక్కడ ఈ సెన్సర్ పని రెండు. కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వును ఎంత తెరవాలో చెప్పడం ఒకటి, నల్లపొగ రాకుండా డీజిల్‌కు హద్దు పెట్టడం రెండోది. సెన్సర్ తక్కువ చూపిస్తే కంప్యూటర్ ఆ హద్దును కిందికి లాగుతుంది. బండి పొగ వదలదు, చప్పుడు చేయదు, ఒట్టి నీరసంగా మారుతుంది. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ లాంటివి పాతబడ్డాక నీరసించాయంటే చాలామంది మొదట టర్బోను అనుమానిస్తారు. టర్బో ఖర్చుకు సిద్ధపడేముందు ఈ చిన్న ముక్కను చూడడం ఎంతో మేలు.

ఇంకో ముఖ్యమైన సంగతి: మన రోడ్ల మీది చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఎయిర్ ఫ్లో సెన్సర్ అసలు ఉండదు. వాటిలో గాలిని సిలిండర్లకు పంచే గొట్టం, అంటే మానిఫోల్డ్, మీద మ్యాప్ అనే ప్రెజర్ సెన్సర్ ఉంటుంది. లోపలి ఒత్తిడి, గాలి వేడి, ఇంజిన్ వేగం కలిపి కంప్యూటర్ గాలి బరువును లెక్కకడుతుంది. మీ బండిలో ఏది ఉందో తెలుసుకోకుండా మాఫ్ మార్చాలన్న మాటకు తల ఊపవద్దు.

ముందు అంకెలు, తరువాత పానా

మన దేశంలో 2013 నుంచి వచ్చిన కార్లకు స్టీరింగ్ కింద, ఇంజిన్ కంప్యూటర్‌లోని కోడ్‌లు, అంకెలు చదవడానికి ఓబీడీ అనే సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే బ్లూటూత్ పరికరం, ఫోనులో ఒక యాప్ ఉంటే సెన్సర్ చెబుతున్న అంకెలు మనమే చూడవచ్చు. ఆ అంకె సబబుగా ఉందో లేదో కాగితం మీద లెక్క కట్టవచ్చు కూడా. మా 1.5 లీటర్ల ఇంజిన్‌నే తీసుకుంటాను. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సామర్థ్యమంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగితే 2000 సార్లు, అంటే 3000 లీటర్లు, సెకనుకు 50 లీటర్లు. లీటరుకు 1.17 గ్రాముల చొప్పున 58 గ్రాములు. సిలిండర్లు నూటికి నూరు పాళ్లు నిండవు కాబట్టి అందులో 80 నుంచి 90 శాతం, అంటే 47 నుంచి 52 గ్రాములు రావాలి. ఖాళీ రోడ్డు మీద, మూడో గేరులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 4000 దగ్గరకు చేరినప్పుడు పక్కన కూర్చున్నవారు ఫోనులో అంకె చూడాలి. నడిపేవారు చూడకూడదు. 38 దగ్గర ఆగిపోతే అనుమానించాల్సిందే.

అనుమానం రావడంతోనే తీర్పు ఇవ్వకూడదు. ఫిల్టర్ మూసుకుపోయినా అంకె తగ్గుతుంది. అయితే అప్పుడు నిజంగానే గాలి తక్కువగా వస్తోంది, సెన్సర్ నిజమే చెబుతోంది. అందుకని ఫ్యూయెల్ ట్రిమ్ దాదాపు మామూలుగానే ఉంటుంది. సెన్సర్ అబద్ధం చెబుతుంటే ట్రిమ్ పైకి పోతుంది. అది కూడా ఐడ్లింగ్‌లో కొంచెమే ఉండి, వేగం, ఇంజిన్ మీద భారం పెరిగే కొద్దీ పెరుగుతుంది. యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు, అంటే థ్రాటిల్, తరువాత ఎక్కడో సన్న పైపు ఊడి, గాలి కారుతుంటే సరిగ్గా దీనికి తలకిందులు: ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా ఎక్కువ, వేగం పెంచితే తగ్గుతుంది. నాకు ఎదురైనట్టు రబ్బరు గొట్టం చీలితే మాత్రం ఈ రెండు పద్ధతులకూ లొంగదు, ఇంజిన్ ఊగినప్పుడల్లా అంకెలు గెంతుతాయి. దానికి చేతులతో వంచి చూడడమే మార్గం.

ఇటీవల దీనికి ఇంకో చిక్కు చేరింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసి వస్తోంది. ఇథనాల్‌లో కొంత ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఆ మిశ్రమానికి గాలి తక్కువ చాలు, 14.7 కాకుండా దాదాపు 13.5 పాళ్లు. 10 శాతం ఇథనాల్‌కు తగ్గట్టు తయారైన బండిలో ఇది పోస్తే ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరగడం సహజం. ఆ నాలుగైదును చూసి సెన్సర్‌ను తప్పు పట్టకండి. ఇంధనం తెచ్చిన మార్పు అన్ని వేగాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ట్రిమ్ 10 శాతం దాటి, ఇంజిన్ మీది భారంతో పాటు పెరుగుతుంటేనే సెన్సర్ వైపు చూడాలి.

కప్లర్ పీకి నడిపి చూసే పాత చిట్కా ఒకటి ఉంది. పీకేస్తే కంప్యూటర్ తన దగ్గరున్న అంచనా అంకెలతో నడుపుతుంది. అలా పీకినప్పుడే బండి హాయిగా నడిస్తే సెన్సర్ తప్పుడు లెక్క చెబుతున్నట్టు. ఇంజిన్ ఆపి, తాళం తీసి పీకాలి. లైటు వెలుగుతుంది, కోడ్ తరువాత చెరపవచ్చు. కొత్త బండ్లలో ఈ చిట్కా అంత నమ్మదగ్గది కాదు, దీన్ని ఒక ఆధారంగానే తీసుకోవాలి.

పి0102, పి0103 లాంటి కోడ్‌లు వస్తే సిగ్నల్ మరీ తక్కువ లేదా మరీ ఎక్కువ అని అర్థం. అలాంటప్పుడు వైర్లే ముందు చూడాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపే బండ్లకు ఎలుకలు వైర్లు కొరకడం, వానాకాలం కప్లర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టడం సర్వసాధారణం.

కడగడం, మార్చడం

మురికి పట్టిన సెన్సర్ చాలాసార్లు కడిగితేనే కోలుకుంటుంది. దాని కోసమే తయారైన మాఫ్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, అదే వాడాలి. కార్బొరేటర్ క్లీనర్ ఘాటుకు పూతలు, ప్లాస్టిక్ దెబ్బతింటాయి. ఇంజిన్ చల్లారాక కప్లర్ తీసి, స్క్రూలు విప్పి, సెన్సర్‌ను నిటారుగా బయటికి లాగాలి. వేలు గానీ, దూది గానీ, బ్రష్షు గానీ లోపలి ముక్కకు తగలకూడదు. జానెడు దూరం నుంచి పది పదిహేను సార్లు స్ప్రే కొట్టి, తనంతట తాను ఆరేదాకా వదిలేయాలి. ఆరబెట్టే తొందరలో షెడ్డులోని కంప్రెసర్ గాలి కొట్టడం నేను కళ్లారా చూశాను. అంత పలచని పొర ఆ దెబ్బకు ఆగదు. బాగున్న సెన్సర్ అక్కడికక్కడే పాడవుతుంది.

మార్చడానికి ఇన్ని కిలోమీటర్లని గడువేమీ లేదు. లక్షన్నర దాటినా చెక్కుచెదరనివి ఉన్నాయి, సరిగా అమరని చవక ఫిల్టర్ వల్ల ముప్పై వేలకే పోయినవీ ఉన్నాయి. నూనె పూసిన కాటన్ ఫిల్టర్లు వేసుకునేవారు నూనె ఎక్కువైతే అది సెన్సర్ మీదకే చేరుతుందని గుర్తుంచుకోవాలి. నా లెక్కలో మార్చవలసిన సందర్భాలు ఇవి: గొట్టాలు, వైర్లు, ఫిల్టర్ అన్నీ బాగుండి, రెండుసార్లు కడిగినా అంకె పెరగనప్పుడు, ఇంజిన్ ఒకే వేగంతో తిరుగుతున్నా అంకె కుదురుగా నిలవకుండా పడి లేస్తున్నప్పుడు, కరెంటు సరిగా అందుతున్నా సిగ్నల్ రానప్పుడు, నీళ్లు లోపలికి వెళ్లి పొర పగిలినప్పుడు. వీలైతే అదే మోడల్ బండిలో బాగా పనిచేస్తున్న సెన్సర్‌ను పది నిమిషాలు అరువు తెచ్చి పెట్టి చూడండి. అంతకు మించిన పరీక్ష లేదు.

కొనేటప్పుడు పాత ముక్క మీద ఉన్న పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. చూపుకు ఒకేలా ఉన్నా లోపలి లెక్క వేరేగా ఉండవచ్చు. సగం ధరకు దొరికే డూప్లికేట్లతో వచ్చే నష్టం అదే: బిగుసుకుంటుంది, సిగ్నల్ ఇస్తుంది, కానీ తప్పుడు అంకెలు చెబుతుంది. బిగించేటప్పుడు మీద ఉన్న బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి, రబ్బరు రింగు నలగకూడదు. తరువాత కోడ్‌లు చెరిపి, పాత సెన్సర్‌తో కంప్యూటర్ నేర్చుకున్న దిద్దుబాట్లనూ స్కానర్‌తో తీసేయించాలి. లేకపోతే కొన్ని రోజులు పాత అలవాటుతోనే పెట్రోలు పోస్తుంది.

ఇంకొక్క పని బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేసిపెట్టుకోవాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, అంకెలు చూసి రాసుకోవాలి. మా కారు డ్యాష్‌బోర్డు అరలో ఆర్‌సీ పక్కనే ఒక కాగితం ఉంది. ఐడ్లింగ్‌లో 3.1 గ్రాములు, నిలిపి ఉంచి 2500 దగ్గర 9, మూడో గేరులో 4000 దగ్గర 50, ట్రిమ్ 3 శాతం. ఈసారి ఎవరైనా సెన్సర్ మార్చాలంటే ముందు ఆ కాగితం తీసి చూపిస్తాను.